లంబరమ్మ

2 ఫిబ్రవరి 1955, గుండంపల్లె క్యాంపు

టెంటు వంకరగా ఉంది. మూడుసార్లు విప్పి కట్టించాను. మా చెయిన్‌మాన్ పెద్ద ఈరన్న, టెంటు సక్కగానే ఉండాది సారూ, నేలే వంకరగా ఉండాది అన్నాడు. ఇరవై ఏళ్లుగా సర్వే గొలుసు లాగుతున్న మనిషి. ఏం చెప్పినా కాదనలేం. అదే నాకు కోపం.

ఊరంటే ఇరవై రెండు ఇళ్లు. అహోబిలం ఎనిమిది మైళ్లు. తూర్పున నల్లమల గోడ కట్టినట్టు లేచి ఉంది, పడమర అంతా కోసేసిన జొన్న మోళ్లు. మనుషులకంటే మేకలు ఎక్కువ. ఊరికీ కొండకీ మధ్య బండల్లో ఒక గుండం ఉంది. నడివేసవిలో కూడా ఎండదట. మనుషులకీ మేకలకీ అదొక్కటే నీళ్లు.

నాది టెంపరరీ ఉద్యోగం. ఈ అడవి సరిహద్దు పని సరిగ్గా చేస్తే పర్మనెంట్‌కి రాస్తానని రేంజర్ దేవేంద్రప్ప గారు అన్నారు. చేయకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

బీడీ మానేసి నలభై రోజులు కావస్తోంది. క్రిస్మస్ నాడు మా నాయనకి మాట ఇచ్చాను. ఊరి చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి కొడుకే బీడీ తాగితే ఎట్లా అని. అప్పటినుంచీ నా చేతులు నా మాట వినడం లేదు.

5 ఫిబ్రవరి

కొత్త రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది. అడవి మ్యాపులు మాత్రం తెల్లదొరల నాటివే, మడతల దగ్గర దారాలు తేలినవి. అందుకని రిజర్వు అడవి సరిహద్దంతా పాత రిజిస్టరు ప్రకారం మళ్లీ కొలిచి కొత్త రాళ్లు పాతుతున్నాం. నా వంతుకి ఇరవై ఏడో నంబరు మూల రాయి వచ్చింది. కొండ మీది గుర్తు నుంచి సూటిగా పడమరకి నూట నలభై గొలుసులు, గొలుసంటే అరవై ఆరు అడుగులు. రాయికి అటు కొండవైపు సర్కారు అడవి, ఇటువైపు ఊరు.

పాత రాయి కనిపించలేదు. ఊళ్లో అడిగితే అందరూ ఆకాశం వైపు చూశారు. ఓబులమ్మ ఇంటి ముందు నాలుగు పలకల రాయి ఒకటి చూశాను, దానిమీద బట్టలు ఉతుకుతున్నారు. నేనూ ఆకాశం వైపు చూశాను.

ఓబులమ్మ ఈ ఊరికి పెద్ద. ఎవరూ ఎన్నుకోలేదు. అరవై దాటిన ముసలామె, మొగుడు పోయి చాలా కాలం, నలభై మేకలు, గొంతు కొండ అవతలికి వినిపిస్తుంది. నా చేతులు కుదురుగా లేకపోవడం చూసి, బీడీ మాన్నావా అప్పా అని అడిగింది. ఎట్లా తెలిసిందో! ఒళ్లోంచి వేయించిన చింతపిక్కలు రెండు గుప్పిళ్లు తీసి ఇచ్చింది. నములుతాండు, నోటికి పనుంటే మనిషి నిలకడగా ఉంటాడు అంది.

నిలకడ రాలేదు గానీ పిక్కలు బాగున్నాయి.

9 ఫిబ్రవరి, సాయంత్రం

ఇరవై ఏడో రాయి పాతేశాం!

గొలుసులు లెక్కపెట్టే ఇనుప మేకులు పది ఉండాలి. పెట్టెలో నాలుగే ఉన్నాయి. ఆఫీసుకి రాస్తే జవాబు వచ్చేసరికి నాకు పింఛను వస్తుంది. అందుకని ఈరన్నే ఉపాయం చెప్పాడు. పది గొలుసులు కాగానే అతను కేక వేస్తాడు. నేను ఒక చింతపిక్క ఎడమ జేబులోంచి కుడి జేబులోకి వేసుకోవాలి. కుడి జేబులో పద్నాలుగు కాగానే ఆగాలి.

పొద్దున ఆరింటికి కొండ మీద మొదలుపెట్టి ముళ్లకంపలు కొట్టించుకుంటూ దిగాం. మధ్యాహ్నానికి చొక్కా చిరిగింది, నోరు ఎండింది. గుండం దాటి, ఊరు కనబడేంత దగ్గరకి వచ్చాక పద్నాలుగు పూర్తయ్యాయి. ఇంత కిందికా అనిపించింది. రిజిస్టరు చెప్పింది చేయడమే నా పని అనుకున్నాను.

రాయి నిలబెట్టి సున్నం కొట్టి ఎర్ర రంగుతో 27 అని రాశాం. ఈరన్న దానిముందు కర్పూరం వెలిగించి టెంకాయ కొట్టాడు. మూల రాయి పాతినప్పుడు చెయిన్‌మాన్లు అందరూ చేస్తారట, లేకపోతే గొలుసు తెగుతుందట. నేను పక్కకి తిరిగి నిలబడ్డాను. మా నాయన చూస్తే ఏమంటాడో అని కాదు. అవును, అందుకే.

10 ఫిబ్రవరి

ఓబులమ్మ మేక మూడు రోజులుగా కనబడక ఈ రోజు మా రాయి దగ్గర దొరికింది, రెండు పిల్లలతో.

14 ఫిబ్రవరి

రాయికి పసుపు పూశారు. 27 మీద కుంకుమ. వేపమండలు. వద్దని చెప్పడానికి వెళ్లాను. ఓబులమ్మ నన్ను ఎగాదిగా చూసి, సర్కారోళ్లే టెంకాయ కొట్టినారు కదప్పా, మేము పసుపు పూస్తే తప్పా అంది. నేను ఈరన్న వైపు తిరిగాను. ఈరన్న చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

పేరు కూడా పెట్టేశారు. నంబరుని ఇక్కడ లంబరు అంటారు. లంబరమ్మ.

నవ్వొచ్చింది. మా నాయనకి ఉత్తరంలో రాద్దామనుకుని మానేశాను.

20 ఫిబ్రవరి, మధ్యాహ్నం

ప్లాటింగ్, అంటే కొలతల్ని మ్యాపు మీద గీయడం, కుదరడం లేదు. కొత్త రాయి నుంచి ఊరి సర్వే రాయికి ముప్ఫై ఐదు గొలుసులు ఉండాలి. పదిహేనే ఉన్నాయి. ఇరవై గొలుసుల తేడా, అంటే పావు మైలు. నాలుగుసార్లు వేశాను. పెన్సిలు విరిగింది. ఈరన్న మీద అరిచాను. అతను గొలుసు తుడుచుకుంటూ కూర్చున్నాడు. తిరిగి అరిస్తే బాగుండేది.

అదే రోజు, నాలుగు గంటలు

తెలిసింది.

నిన్నటి పిక్కలు కొన్ని కుడి జేబులో మిగిలి ఉన్నాయి. లెక్కలు చూసుకుంటూ చెయ్యి జేబులోకి పోయింది, ఒకటి నోట్లోకి పోయింది, నమలడం మధ్యలో ఆపేశాను. ఆ రోజు కూడా నేను కుడి జేబులోంచి తిన్నాను. ముళ్లకంపల దగ్గర ఒకటి, గుండం దగ్గర బండమీద కూర్చున్నప్పుడు ఒకటి. గుర్తుంది. ఎండ, ఉప్పగా చెమట, పిక్క పగిలిన చప్పుడు కూడా గుర్తుంది.

రెండు పిక్కలు తిన్నాను, ఇరవై గొలుసులు తిన్నాను. నూట నలభై దగ్గర ఉండాల్సిన రాయి నూట అరవై దగ్గర పాతాను. గుండం ఇప్పుడు సర్కారు అడవిలో ఉంది. ఊరికి నీళ్లు లేవు.

ఈ మాట రాసి లేచి టెంటు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో.

22 ఫిబ్రవరి

తెల్లవారగానే నేనూ ఈరన్నా గడ్డపారతో వెళ్లాం. ఎవరికీ తెలియకుండా తీసి సరైన చోట పాతేస్తే చాలు, తప్పు నేలలోనే కలిసిపోతుంది అనుకున్నాను. ఈరన్న గడ్డపార పట్టుకోనన్నాడు. కూసున్న అమ్మను ఎట్లా లేపుదును సారూ, నాకు పిల్లలుండారు అన్నాడు. కొట్టిన టెంకాయ అతనిది! నేనే పట్టుకున్నాను. రెండు పోట్లు పొడిచానో లేదో వెనక నుంచి ఆ గొంతు. ఓబులమ్మ, వెనక పదిమంది ఆడవాళ్లు. గడ్డపార లాక్కున్నారు. నేను ఇచ్చేశాను అనడమే సరి.

చొక్కా లేని దొంగలా తిరిగొచ్చాను.

25 ఫిబ్రవరి

మొత్తం చెప్పేశాను ఓబులమ్మకి. పిక్కల సంగతి కూడా. అవ్వా, ఈ రాయి ఈడ ఉంటే గుండం మీది కాదు, మేకలు నీళ్లకి పోతే కేసు పెడతారు, నీ మంచికే చెప్తున్నాను అన్నాను. నవ్వింది. మా అమ్మ మా నీళ్లు ఎందుకు ఆపుతుందప్పా అంది. రాసింది అమ్మ కాదు, నేను అన్నాను. నువ్వు రాసేటోడివి, కూసునేది ఆమె ఇష్టం అంది.

పళ్లు కొరుక్కుంటూ వచ్చాను. ఈ ముసలామెకి అర్థం కాక కాదు, నన్ను నమ్మడం లేదు. నేను ఆమె స్థానంలో ఉన్నా నన్ను నమ్మను.

రేంజర్ గారికి రాద్దామని కాగితం తీశాను. అయ్యా, తమరి ఆజ్ఞ ప్రకారం. అంతవరకు రాసి ఆపేశాను. రాస్తే ఉద్యోగం పోతుంది. రాయకపోతే ఊరు పోతుంది. ఇది తెలిసి కూడా ఆపేశాను. అది కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను, మర్చిపోకుండా.

3 మార్చి

ఎక్కడా కూర్చోలేకపోతున్నాను.

8 మార్చి

ఈ అడవి కాసే బీటు గార్డుకి కొత్త రాళ్ల పట్టీ అందింది. ఈ రోజు గుండం దగ్గర పదహారు మేకల్ని పట్టి బందెలదొడ్డికి తోలుకుపోయాడు. అందులో ఆ రెండు పిల్లల తల్లి కూడా ఉంది. పిల్లలు ఊళ్లో అరుస్తున్నాయి. నా టెంటు దాకా వినిపిస్తోంది.

కుండలతో వెళ్లిన ఆడవాళ్లని కూడా తిప్పి పంపాడట. మూడు మైళ్ల అవతల ఎవరిదో బావి ఉంది. అక్కడికి పోయారు.

నా కుండలో నీళ్లు కూడా గుండానివే. తాగలేకపోయాను. తర్వాత తాగాను.

12 మార్చి

ఓబులమ్మ తానే వచ్చింది. మొదటిసారి టెంటులోపల కూర్చుంది. ముఖం పీక్కుపోయింది. సరైన తావు యాడుండాదో చూపిస్తావా అంది. చూపించాను. గుండం దాటాక పది గొలుసులు కొండవైపు. ఈసారి ఉన్న నాలుగు ఇనుప మేకులతోనే, రెండుసార్లు కొలిచాను. ఒక మేకు దిగ్గొట్టి ఎర్ర గుడ్డ కట్టాను.

మేకు చుట్టూ తిరిగింది. అమ్మను గడ్డపార పెట్టి లేపకూడదు, కానీ ఏడాదికొకసారి అమ్మే లేచి జలకానికి పోతుంది, ఎట్లాంటి దేవతకైనా జలకం ఉండాల్సిందే కదప్పా అంది. గుండంలో స్నానం చేయించాక యాడ కూసుంటానంటే ఆడ కూసోబెడతారట. ఉగాది దాటిన మంగళవారం.

ఎగిరి గంతెయ్యాలనిపించింది. అవ్వా, మేకు దగ్గరే కూసోబెట్టాలి అన్నాను. ఊ అంది. ఆ ఊ నాకు అంతగా నచ్చలేదు.

రేంజర్ గారు ఏప్రిల్ ఆరున చెకింగ్‌కి వస్తున్నారని కబురు.

29 మార్చి, సాయంత్రం

ఈ రోజు జరిగింది తలుచుకుంటే కోపమో, నవ్వో, భయమో.

పొద్దున పూజ చేసి వాళ్లే తవ్వారు. వెదురు బొంగుల మీద కట్టి నలుగురు భుజానికెత్తుకున్నారు. ముందు పలకలు మోగుతున్నాయి, ఓబులమ్మ జుట్టు విరబోసుకుని వేపమండలతో ఊగుతోంది. ఈరన్న నా పక్కనే నడుస్తూ, అలవాటుకొద్దీ గొలుసులు లెక్కపెడుతున్నాడు. గుండంలో ముంచారు. సున్నం కొంత పోయింది, 27 మిగిలింది. ఊరంతా మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఉంది. గార్డు గట్టు మీద చేతులు కట్టుకుని చూస్తున్నాడు గానీ దేవతని ఆపే ధైర్యం లేదు. నా గుండె తేలికైంది. ఆ నీళ్లు చూసి ఏడుపొచ్చింది, నిజంగా.

తర్వాత కొండవైపు కదిలారు. ఎర్ర గుడ్డ కనిపించింది. నేను ముందే వెళ్లి మేకు పక్కన నిలబడ్డాను. పలకలు దగ్గరికొచ్చాయి. నన్ను దాటాయి.

పరిగెత్తాను. అవ్వా, మేకు ఈడ, ఈడ అని అరిచాను. ఓబులమ్మ ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. మళ్లీ మూసుకుని ఊగింది.

ఇంకా పన్నెండు గొలుసులు పోయారు. ఏడు చింతచెట్లున్న చోట ఆమె కింద కూలబడింది. అమ్మ కూసున్నాది అన్నారు అందరూ. పాతేశారు. నూట ఇరవై ఎనిమిది.

పూనకం దిగాక నీళ్లు తాగించి అడిగాను, ఇదేం పని అవ్వా, నా తప్పు దిద్దమంటే సర్కారు అడవిని లాక్కుంటావా అని. ఆమె ఆయాసపడుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఈ ఏడు చెట్లూ మా తాత పెట్టినవప్పా, దొర వచ్చి గొలుసు లాగినప్పుడు లోపలికి పోయినాయి, అప్పటినుంచి మా చెట్ల కాయలు మేమే దొంగతనంగా ఏరుకుంటాండాము అంది. నువ్వు నమిలిన పిక్కలు ఏ చెట్టువి అనుకుంటాండావు అని అడిగింది.

నా జేబులో ఇంకా కొన్ని ఉన్నాయి.

31 మార్చి

రిజిస్టరులో నూట నలభై ఉంది, నేల మీద నూట ఇరవై ఎనిమిది. ఫీల్డ్ బుక్‌లో ఆ గడి ఖాళీగా ఉంది. పెన్సిలు చెక్కుతున్నాను, అంతే. సరిహద్దు రాయి జరిపినవాడి మీద శాపం ఉందని మా నాయన చర్చిలో చదివేవాడు. చిన్నప్పుడు ఆ మాట వచ్చినప్పుడల్లా వెనక బెంచీలో రైతులు సర్దుకుని కూర్చునేవాళ్లు. ఇప్పుడు జరిపింది ఎవరు? దొరా, నేనా, ఓబులమ్మా? నాయనకి ఊరూ పేరూ లేకుండా మొత్తం రాసి ఉత్తరం వేశాను.

5 ఏప్రిల్

నాయన జవాబు. ఒకటే ముక్క. నీ నోరు అబద్ధం ఆడకుంటే చాలు, రాయి సంగతి దేవుడు చూసుకుంటాడు.

ఏ దేవుడో రాయలేదు. ఇలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

6 ఏప్రిల్

రేంజర్ గారు వచ్చారు. ఆదోని వైపు మనిషి, మాట తక్కువ, బూట్లు పెద్దవి. కొండ మీది నుంచి మళ్లీ గొలుసు లాగిద్దామని మేకులు కూడా తెచ్చారు, పదికి పదీ. ముందు రాయి చూద్దాం పదప్పా అన్నారు.

చింతచెట్ల కింద ఊరంతా ఉంది. రాయి చుట్టూ ముగ్గు, పసుపు, ఆ మేకపిల్లలు. ఆయన నిలబడిపోయారు.  తర్వాత కూర్చుని బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టారు. ఆ తాళ్లు ఎంత పొడుగో! 

వట్టికాళ్లతో వెళ్లి దండం పెట్టుకుని, పుస్తకం తెరిచి, దూరమెంతప్పా గాబ్రియేలు అని అడిగారు. రిజిస్టరు ఆయన చేతిలోనే ఉంది. నూట నలభై అంటే అయిపోతుంది. ఊరు నన్నే చూస్తోంది. ఓబులమ్మ కూడా.

నూట ఇరవై ఎనిమిది సార్ అన్నాను.

తర్వాత ఆపుకోలేకపోయాను. మేకులు తక్కువైంది, పిక్కలు తిన్నది, గడ్డపార, జలకం, అన్నీ. ఓబులమ్మ ముందుకొచ్చి, పిల్లోని తప్పేం లేదు, అమ్మే నడిచినాది అని గట్టిగా అంది. రేంజర్ గారు ఆమెని అడిగారు, అమ్మ మళ్లీ నడుస్తుందా అని. అమ్మ ఇష్టం నాయనా అంది.

ఆయన రాయి వైపు చూశారు. నాకు జీతం దుడ్లు ఇచ్చేది అడవి కాయడానికప్పా, అమ్మవార్లను లేపడానికి కాదు అన్నారు. పుస్తకంలో తన చేత్తోనే రాశారు. ఇరవై ఏడో రాయి, నూట నలభై, ఉంది. కింద సంతకం. మేకుల పెట్టె మూత కూడా తీయలేదు. పట్టిన మేకల్ని వదిలెయ్యమని గార్డుకి చెప్పారు. బూట్లు వేసుకుంటూ, తలెత్తకుండా, ఇంక గొలుసు నీ చేతికి రాదప్పా అన్నారు నాతో.

నా నోరు అబద్ధం ఆడలేదు. పుస్తకం ఆడింది. ఇందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక గుండం దాకా నడిచాను. ఆడవాళ్లు నీళ్లు ముంచుకుంటున్నారు. ఎవరూ నన్ను పట్టించుకోలేదు. బాగుంది.

22 ఏప్రిల్

ఆర్డరు వచ్చింది. కర్నూలు, మ్యాపు సెక్షన్. గీతలు గీసే పని. ఇదీ టెంపరరీనే. రాజధానిలో ఇళ్లు చాలక ఆఫీసు కూడా టెంటులోనేనట. ఈరన్న, ఆ టెంటు సక్కగా ఉంటుందిలే సారూ అన్నాడు. విడిచి వెళ్లాలంటే అతని మీద ఇంత బెంగ పుడుతుందనుకోలేదు.

18 నవంబర్ 1956, కర్నూలు

రాజధాని హైదరాబాదుకి పోయింది. మ్యాపులు చుట్టి పెట్టెల్లో పెడుతున్నాం. ఇరవై ఏడో రాయి ఉన్న షీటు నేను గీసిందే. నూట నలభై దగ్గర చుక్క, దాని పక్కన చిన్న గుడి గుర్తు. ఎవరూ అడగలేదు.

ఈరన్న వచ్చి పోయాడు. ఓబులమ్మ పంపిందని గుడ్డమూట ఇచ్చాడు. ఈ ఏడాది జలకానికి అమ్మ కొండవైపు ఇంకో మూడు గొలుసులు నడిచిందట.

పిక్కలు లెక్కపెట్టకుండా తిన్నాను.